గోడకి గుద్దిన కార్లు

ఆసుపత్రి మంచం మీద చెల్లెలు, కాలికి పెద్ద కట్టుతో మత్తుగా పడుకుని ఉంది. అక్క వచ్చేసరికి మరిది గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"ఫైవ్ స్టార్ కారు కదా వదినా! మీరే కదా పరీక్ష చేసింది?"

కార్లను గోడకి గుద్దించి చూసే కేంద్రంలో అక్క ఇంజనీరు. చెల్లెలు కొన్న బుల్లి కారుని గుద్దించింది ఆమె బృందమే. లోపల కూర్చోబెట్టిన మనిషంత బొమ్మకి పెద్దగా దెబ్బ తగల్లేదు, అందుకే ఐదు స్టార్లూ ఇచ్చారు. కానీ చెల్లెల్ని గుద్దింది గోడ కాదు, రెట్టింపు బరువున్న పెద్ద కారు. అదీ ఫైవ్ స్టారే. దాన్ని నడిపినాయన నుదుటి మీద చిన్న పట్టీ వేయించుకుని ఇంటికెళ్ళిపోయాడు.

"గోడకి గుద్దితే ఏ కారైనా తన బరువుకి తగ్గ దెబ్బే తింటుంది," అందామె మెల్లగా. "రోడ్డు మీద ఎదుటి కారు బరువు కూడా మీద పడుతుంది. చిన్న కారు స్టార్లు చిన్న కార్లతో పోల్చుకోడానికే."

"ఆ ముక్క ఎక్కడైనా రాశారా?"

రాయలేదు.

మర్నాడు ఆమె మేనేజరు దగ్గరికెళ్ళింది. ఆయన చెడ్డవాడేం కాదు, విసిగిపోయినవాడు.

"అందరికీ అదే గోడ, అదే వేగం. ఇంతకన్నా న్యాయంగా ఎలా చేస్తామమ్మా?"

"ఒక్కసారి చిన్నదాన్నీ పెద్దదాన్నీ ఎదురెదురుగా గుద్దిద్దాం సార్."

నెలల తరబడి నాన్చి, ఆఖరికి సరేనన్నాడు. గుద్దించారు. పెద్ద కారు ముందుకే పోయింది. చిన్నది వచ్చిన దారినే వెనక్కి ఎగిరిపడింది. బొమ్మని బయటికి తీయడానికి తలుపు కోయాల్సి వచ్చింది. ఆమె పక్కనే నిలబడి అంతా చూసింది. చూడటం ఆమె ఉద్యోగం.

పెద్ద కార్లు ఎదుటివాళ్ళకి చేసే హాని కూడా లెక్కలోకి రావాలని, స్టార్లు ఎలా ఇవ్వాలో తేల్చే కమిటీలో అడిగింది. తర్వాత చూద్దామన్నారు. చివరికి దక్కింది కారు స్టార్లు చూపించే పోస్టరు అడుగున ఒక్క వాక్యం: ఈ స్టార్లు ఇంచుమించు ఇదే బరువున్న కార్లతో పోల్చడానికి మాత్రమే. ఆమె వాదించలేదు. ఓపిక అయిపోయింది.

ఆ ఆదివారం చెల్లెలింటికి వెళ్తే, చెల్లెలు కర్ర పట్టుకుని వంటింట్లో తిరుగుతోంది.

"ఈసారి పెద్ద కారు కొందామంటున్నారు మా ఆయన. ఏమంటావక్కా?"

"కొంటే నీకు మంచిదే."

"మరి ఎదురొచ్చే చిన్న కారువాళ్ళకి?"

చెల్లెలు కుర్చీ లాక్కుని, కాలు జాగ్రత్తగా చాపుకుని కూర్చుంది.

"కారు మాట ఉండనీలే. ముందు బస్సు మెట్లు ఎక్కగలనేమో చూసుకుంటాను. సాయంత్రం తోడొస్తావా?"

"వస్తాను," అంది అక్క.