లింగమ్మ ఇంటి దూలం

ఇటు దగ్గరికి జరగండి పిల్లలూ, ఫ్యాను చప్పుడుకి నా గొంతు వినపడదు. మా మనవరాలు స్నేహలత యూనివర్సిటీ క్యాంపస్‌లో పాఠం చెప్పిన రోజు సంగతి చెబుతాను.

తాత్కాలిక లెక్చరర్ ఉద్యోగమది. ముందు ఒక పాఠం చెప్పి చూపించాలట, సార్లకు నచ్చితేనే ఉద్యోగం. దానికి ఇచ్చిన పాఠం రూపకాలంకారం. ఇక వారం రోజులు తార్నాకలో మా ఇంట్లో నన్నే విద్యార్థిని చేసి కూర్చోబెట్టింది.

"నానమ్మా, మొఖం చంద్రుని లెక్క ఉన్నదంటే పోల్చుడు. మొఖమే చంద్రుడంటే రూపకం. సమజైందా?"

"అయింది గానీ, గా చంద్రుణ్ణి ఇడిసిపెట్టు బిడ్డా. లాలాపేటల మీ లింగమ్మత్త మొగడు రాజన్న సచ్చిననాడు ఆమె ఎట్ల ఏడ్చింది, యాదికున్నదా?"

"సావు ఏడుపు క్లాసుల చెప్తరా? అందరు నవ్వుతరు!"

చదువుకున్న పిల్ల కదా, దానికి తెలియదా అని ఊరుకున్నాను.

పాఠం చెప్పే రోజు పొద్దున అది తోడు రమ్మంటే నేనూ ఆటో ఎక్కాను. నన్ను చివరి బెంచీలో, సార్ల పక్కనే కూర్చోబెట్టారు. పాఠం బాగానే సాగుతోంది. అంతలో పెద్ద సారు, శశిభూషణ్ గారు, చెయ్యెత్తి అడిగారు.

"అమ్మా, పోలిక చెబితే సరిపోతుంది కదా. ఇదే అది అనాల్సిన అవసరం ఎవరికొస్తుంది?"

చంద్రుడు దాన్ని ఆదుకోలేదు. పిల్ల సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఉద్యోగం పోయిందే అనుకున్నాను. అప్పుడు కళ్ళు మూసుకుని రాగం అందుకుంది.

"నా ఇంటి దూలమా, ఎట్ల ఇరిగితివో... నా ఎండల నీడా, ఏడికి పోతివో..."

ముందు బెంచీలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. అది ఆపలేదు. రెండోసారి పాడేసరికి ఆ నవ్వు లేదు.

"ఇది మా లింగమ్మత్త, మొగుని మీద పడి ఏడ్చిన ఏడుపు సార్. దూలం లాంటోడు అంటే, మనిషి పోయినా దూలం మిగులుతది. ఆమెకు ఏం మిగల్లేదు సార్. అందుకే ఆయన్నే దూలమన్నది."

సారు తన ముందున్న కాగితం మీద ఆ మాటలు రాసుకున్నారు. తర్వాత, "సోమవారం వచ్చి చేరమ్మా. ఆమె ఇంకేమైనా పాడి ఉంటే అడిగి రాసుకురా" అన్నారు.

అటు నుంచి అటే లాలాపేట పోయాం. లింగమ్మ బియ్యం చెరుగుతోంది. విషయం చెబితే మూతి తిప్పింది.

"గప్పుడు ఏమన్ననో నాకేమెరుక? కడుపుల కాలింది, నోట్లెకొచ్చింది. కూసోండ్రి, చాయ్ పెడత."

సంతకం కూడా రాని మనిషి! అంత దుఃఖంలో అంత సరైన మాట ఎక్కడి నుంచి తెచ్చుకుందో! దాన్ని అంతమంది ముందు సిగ్గుపడకుండా పాడిన మా పిల్లదీ తక్కువ గుండె కాదు.

ఈ సంగతి మనసులో పెట్టుకోండి పిల్లలూ, రేపు నలుగురికీ చెప్పండి. మా స్నేహలత పేరు మరిచిపోయినా ఏమీ అనుకోను. లింగమ్మ పేరు మాత్రం చెప్పకుండా ఉండకండి.