‘డిపో వెనక గది’ పాఠకులు

అతను పనిచేసేది పళ్ళ సెట్లు తయారుచేసే చోట. పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి డబ్బాల్లో పెట్టి పంపుతారు. వాటిలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం అతని పని. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళతోనే గడుస్తుంది గాని తన నోరు మాత్రం పెగలదు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా అని పక్క బల్లవాడు ఒకసారి అన్నాడు. అప్పట్నుంచీ అందరికీ అతను ముత్యాలే అయిపోయాడు.

నలభైకి దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. అక్కాబావల ఇంట్లో మెట్ల పక్క గదిలో ఉంటున్నాడు. అమ్మా నాన్నా పోయాక వాళ్ళ స్థానంలో నిలబడి పెంచింది అక్కే. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోతాడు.

ఇంత నోరులేని మనిషికి ఫోన్‌లో ఇంకో పేరుంది: పిట్టగోడ. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళ కథలు రాసుకునే, చదువుకునే సైటు ఒకటుంది. అక్కడ ఎవరూ అసలు పేరుతో ఉండరు. చాలాకాలం చదివి ఊరుకున్నవాడు, ఒకరోజు భోజనాల వేళ టిఫిన్ డబ్బా పక్కకి జరిపి తనూ ఒక సీరియల్ మొదలుపెట్టాడు. పేరు ‘డిపో వెనక గది’. ఒక బస్సు డ్రైవరు, షాపులకి బోర్డులు రాసే ఒక పెయింటరు. పెయింటరుది డిపో వెనక అద్దె గది. డ్యూటీ దిగాక డ్రైవరు అక్కడికి వస్తాడు. కథంటే అంతే. వారానికో భాగం.

మొదటి భాగానికి ఇద్దరే స్పందించారు. ఒకరు ‘బావుంది’ అన్నారు. రెండో మనిషి పేరు ఆవలింత. ‘సాగదీశారు. సగం కథ బస్సు కడగడమే’ అని రాశాడు. తర్వాత తర్వాత తెలిసిందేమంటే, ఆవలింత ప్రతి భాగాన్నీ అందరికంటే ముందు చదువుతాడు, ప్రతిదానికీ విసుక్కుంటాడు, ఒక్కటీ వదలడు.

కొన్ని నెలలకి కథ కింద పెద్ద సంతే తయారైంది. ఎర్రగొడుగు అనే అతను డ్రైవరు కళ్ళు చెమరిస్తే తనూ ఏడ్చేవాడు, ఆ సంగతి దాచుకునేవాడు కాదు. ‘వీళ్ళు చేతులు పట్టుకునేలోపు మా ఎదురింటివాళ్ళు మేడ కట్టి గృహప్రవేశం కూడా చేసేశారు’ అని ఒకరు వాపోయారు. ‘మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతున్నా, వంటల పేజీ అని చెప్పా’ అని ఇంకొకరు రాస్తే దాని కింద అందరూ నవ్వుకున్నారు. అతనూ నవ్వుకున్నాడు. ఒక దారినపోయేవాడు వచ్చి సిగ్గు లేదా అని తిట్టిపోస్తే, ‘సిగ్గు సంగతి తర్వాత, ముందు అక్షరదోషాలు దిద్దుకుని తిట్టండి’ అని ఆవలింతే బదులిచ్చాడు.

ఇవన్నీ అతను సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చదివేవాడు. మొహంలో ఏమీ కనిపించనిచ్చేవాడు కాదు. ఇంటికి వెళ్ళి బావతో కలిసి వార్తలు చూసేవాడు.

ఆ రోజుల్లోనే అక్క ఒక సంబంధం తెచ్చింది. అమ్మాయి లైబ్రరీలో పనిచేస్తుంది, నెమ్మదస్తురాలు, తండ్రి లేడు. “మాట్లాడి చూడరా, మాట్లాడితే నోరేం అరిగిపోదు” అంది. అతను “చూద్దాం” అన్నాడు. చూద్దామంటే వద్దని అతని లెక్క. సరేనని అక్క లెక్క. ఒక ఆదివారం ఆ అమ్మాయీ, వాళ్ళమ్మా వచ్చి కూర్చుని వెళ్ళారు. ఆమె అతన్ని ఏం చదువుతారని అడిగింది. పేపరు అన్నాడు.

చెప్పుకోవడానికి ఇంకెవరూ లేక ఆ గొడవంతా తెచ్చి సీరియల్లో పడేశాడు. ఇంట్లోవాళ్ళ పోరు పడలేక డ్రైవరు పెళ్ళికి తలూపాడు, పెళ్ళీ అయిపోయింది. వచ్చిన భార్యని అతను గయ్యాళిగా రాశాడు. చెంచా కింద పడితే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది, చొక్కా జేబులు వెతుకుతుంది, పెయింటరు రాసిన బోర్డు చూసి వెక్కిరిస్తుంది. రాయడం ఎంత తేలికైందో అతనికే ఆశ్చర్యం వేసింది. ఫోన్ మీద వేళ్ళు వాటంతటవే పరిగెత్తాయి.

పాఠకులకి పూనకం వచ్చింది. ఎర్రగొడుగు అన్నం మానేశానన్నాడు. ఆ పిల్లని మెట్ల మీంచి తొయ్యమని ఒకరు, కాన్పులో పోయేట్టు రాయమని ఇంకొకరు. పామైతే బావుంటుందని, మనిషి మీద నేరం రాదని ఒక తెలివైనవాడు. ఎన్నడూ లేనంతమంది చదివారు. ‘మొదటిసారి ఆవలింత రాలేదు’ అని ఆవలింత రాశాడు. పిట్టగోడకి అది చాలా గొప్పగా అనిపించింది. మర్నాడు బల్ల దగ్గర ఒక పన్ను వంకరగా నిలబెట్టి, మళ్ళీ పీకి పెట్టాల్సివచ్చింది.

ఆ సందట్లో కొత్త పేరొకటి కనిపించింది. ఉల్లిపొర.

‘మొదటి భాగం నుంచీ చదువుతున్నాను, ఎప్పుడూ ఏమీ రాయలేదు. వాళ్ళిద్దరూ నాకూ ఇష్టమే. కానీ ఆ మూడో మనిషిని నేను. నేను చెంచా పడితే అరవలేదు. అరిచే అవకాశం ఆయన ఇవ్వలేదు. ఆయన మంచివాడు. కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. చెప్పులతోపాటు మాటలు కూడా గుమ్మం దగ్గరే విడిచి లోపలికి వచ్చేవాడు. నాలో ఏదో లోపం ఉందనుకున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను, చిక్కాను, డాక్టర్ల చుట్టూ తిరిగాను. లోపం లేదన్నారు. దాంతో ఇంకా భయం వేసింది. విడిపోయాక గాని సంగతి తెలియలేదు. ఆ పిల్లని పాము కరవాలంటున్న బాబులకి నా మీద కోపం ఎందుకో చెబితే వింటాను. రాసినవారిని కూడా అడుగుతున్నాను.’

తర్వాత అందరూ ఒక్కసారే రాశారు.

కొందరు క్షమించమన్నారు. కొందరు ఈవిడ నిజంగా ఆడమనిషేనా అని ఆరా తీశారు. వంటల పేజీ ఆయన ఆ రోజు నుంచీ మళ్ళీ కనిపించలేదు. ఎర్రగొడుగు మాత్రం గట్టిగానే నిలబడ్డాడు: ‘మీ బాధ నిజమే అక్కా. కానీ లోకంలో కథలన్నీ మొగుడూ పెళ్ళాలవే. మాకున్నది ఈ ఒక్క గది. ఇక్కడికి కూడా వచ్చి మీరే ఏడిస్తే మేమెక్కడ ఏడవాలి? పెళ్ళి చేసుకోమని మా మెడలు వంచేది ఎవరు?’

ఉల్లిపొర దానికి ఒకే ముక్క రాసింది. ‘నా మెడ కూడా ఎవరో వంచారు బాబూ.’

అక్కడ ఇద్దరిదీ నిజమే. తగువు తెగలేదు. సైటు నడిపే పెద్దమనిషి రెండుసార్లు వచ్చి మర్యాదగా మాట్లాడుకోండని చెప్పి వెళ్ళాడు.

పిట్టగోడ అందరిముందూ ఏమీ రాయలేదు. రెండు రోజులు కుక్కిన పేనులా ఉండి, తర్వాత ఆమెకి విడిగా ఒక ప్రశ్న పంపాడు. ‘ఆయన మీద ఇంకా కోపం ఉందా?’

జవాబు మధ్యాహ్నానికల్లా వచ్చింది. ‘ఆయన మీద తక్కువే. భయపడ్డాడు. నన్ను చూసి నచ్చిందని, మా ఇంటికి పదిసార్లు తిరిగి పెళ్ళి కుదిర్చింది వాళ్ళక్క. ఆవిడకి ముందే తెలుసట. నాకు కోపం ఆవిడ మీద.’

అతను ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి, చేతిలో ఉన్న అచ్చుని ఊరికే తడిగుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. “ముత్యాలూ, అది తుడిచిందే” అన్నాడు పక్క బల్లవాడు.

ఆ శనివారం మధ్యాహ్నం అక్క మంచం మీద కూర్చుని ఉతికిన దిండు గలేబులు తొడుగుతోంది. ముందుగదిలో బావ టీవీ చూస్తున్నాడు. అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, నీకు తెలుసు కదా?”

“ఏం తెలుసు?”

“నా సంగతి.”

ఆవిడ దిండుని గలేబులోకి కుక్కడం ఆపలేదు. మూలలు సరిచేసింది, కొసలు లోపలికి మడిచింది. ఇంకో దిండు తీసుకుంది.

“ఫోటో స్టూడియో అబ్బాయి ఉండేవాడు చూడు, నీ స్నేహితుడు. వాడు ఊరు మారిపోయినప్పుడు తెలిసింది. స్నేహితుడు వెళ్ళిపోతే ఎవరైనా ఒక పూట దిగులుపడతారు. నువ్వు మనిషివే సగమైపోయావు.”

“మరి తెలిసి ఈ సంబంధం ఎలా తెచ్చావు?”

“పెళ్ళయితే అన్నీ అవే సర్దుకుంటాయనుకున్నా.”

“సర్దుకోకపోతే?”

“సర్దుకోకపోతే మాత్రం ఏమైందిరా. నువ్వు మంచివాడివి. కొట్టవు, తిట్టవు, తాగవు. అంతపాటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?”

ముందుగదిలో టీవీ చప్పుడు తగ్గింది.

“ఆ అమ్మాయి నీ కూతురైతే నాలాంటివాడికి ఇస్తావా?”

“నాకు కూతురు లేదు.”

“ఉంటే?”

“లేదన్నానుగా.”

ఇంకో దిండు తీసి గట్టిగా దులిపింది. తర్వాత ఆవిడ గొంతు మారింది. “నా తర్వాత నీకు ఇంత ముద్ద ఎవరు పెడతారన్న బెంగే గాని, ఆ పిల్ల మీద నాకేం పగ? ఏ బంధం లేకుండా ఈ గదిలో ఒక్కడివే ముసలివాడివైపోతావు. ఆ మాట నీతో అనలేక ఇలా చేశా.”

“ముద్ద నేను వండుకుంటానక్కా. ఆ అమ్మాయికి నేనే చెప్తాను.”

“నీకేం పిచ్చా? ఊరంతా పాకుతుంది.”

“పాకనీ.”

టీవీ చప్పుడు మళ్ళీ పెరిగింది. బావ ఆ తర్వాత కూడా దాని గురించి ఒక్క మాటా అడగలేదు. రాత్రి అన్నం దగ్గర కూర గిన్నె మాత్రం అతనివైపు రెండుసార్లు జరిపాడు.

లైబ్రరీకి ఎదురుగా టీ దుకాణం ఉంది. సోమవారం పనికి సగం పూట సెలవు పెట్టి అతను అక్కడికి వెళ్ళాడు. ఫోన్ చేసి పిలిస్తే ఆ అమ్మాయి చేతుల నిండా పాత పుస్తకాల దుమ్ముతోనే వచ్చి కూర్చుంది. అతను ఇంటి దగ్గర కూర్చుకున్న మాటలేవీ సమయానికి రాలేదు. “నాకు ఆడవాళ్ళ మీద ఆ రకమైన ఇష్టం కలగదండి. ఎప్పుడూ లేదు. మీకు చెప్పకుండా ఉండటం తప్పు” అన్నాడు. జీవితంలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అనడానికి ఇంత కొంచెమే సమయం పడుతుందని అతను అనుకోలేదు.

ఆమె టీ చల్లారేదాకా గ్లాసు తిప్పుతూ ఉంది.

“మీ అక్కగారికి తెలుసా?”

“తెలుసు.”

“ఆవిడ మా అమ్మకి రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నారు. చీర రంగు కూడా అడిగారు.” ఆమె గొంతు పెంచలేదు. “మీరు ఆ ఆదివారమే చెప్పాల్సింది. నేను నలుగురికి చెప్పుకున్నాను.”

“అవునండి.”

“అవునంటే సరిపోయిందా?”

“సరిపోదు.” అతను తల వంచుకున్నాడు. “మీ ఇంటికి ఫోన్ చేసి నేనే వద్దన్నానని చెప్పేస్తాను. మీ మీదికి ఏమీ రాదు.”

“అదే వస్తుంది” అంది ఆమె. “మీరు వద్దన్నారంటే ఎందుకు వద్దన్నాడో అని నాలో వంకలు వెతుకుతారు. మా పిన్ని మొదలుపెడుతుంది, ఇక ఆగదు. నేనే వద్దన్నానని చెప్తాను. నోట్లో నాలుక లేని మనిషి, రాయితో కాపురం చెయ్యలేనంటాను. మీరు కాదనకూడదు.”

“కాదనను.”

“ఇంకేం చెప్పను, భయపడకండి.” లేచి, పైట కొంగుతో చేతుల దుమ్ము తుడుచుకుంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “అబద్ధం మాత్రం కాదుగా. రాయే మీరు.”

ఆమె మాట నిలబెట్టుకుంది. వద్దన్నది వాళ్ళేనని తెలిసి అక్క మొదట తేలికపడింది, తర్వాత చిన్నబుచ్చుకుంది, చివరికి అతనితో మాట్లాడటం మానేసింది. అన్నం మాత్రం మూతపెట్టి ఉంచేది. కొన్ని వారాలకి అతను పని దగ్గరలోనే ఒక గది చూసుకున్నాడు. వెళ్ళేరోజు అక్క వాకిట్లోకి రాలేదు గాని, గిన్నెల సంచీ విప్పి చూస్తే అతను పెట్టుకోని అట్లకాడ ఒకటి, ఉప్పు డబ్బా ఒకటి అందులో ఉన్నాయి.

ఈలోగా సీరియల్ ఆగలేదు. తరువాతి భాగమంతా అతను డ్రైవరు భార్య వైపునుంచి రాశాడు. పెయింటరు ఊసే లేదు. భర్త డ్యూటీకి వెళ్ళాక ఆమె అద్దం ముందు నిలబడుతుంది, ఎవరో పరాయివాళ్ళని చూసినట్టు తనని తను చూసుకుంటుంది, మళ్ళీ వెళ్ళి స్టవ్ వెలిగిస్తుంది. అతను అంత నెమ్మదిగా ఎప్పుడూ రాయలేదు. లైబ్రరీ అమ్మాయి మాటలు ఒకటి రెండు దానిలోకి వచ్చేస్తుంటే తీసేశాడు. అవి ఆమెవి.

పాఠకులు విరుచుకుపడ్డారు. మోసం అన్నారు. మేము వచ్చింది దీనికోసం కాదన్నారు. పాత పెళ్ళి భాగాన్ని చెరిపేసి మళ్ళీ రాయమని కొందరు సంతకాలు పోగుచేశారు. చదివేవాళ్ళు సగానికి పడిపోయారు. ఎర్రగొడుగు ‘నేను కొన్నాళ్ళు రాను’ అని చెప్పి మరీ వెళ్ళాడు, మూడో వారానికి తిరిగొచ్చి జరిగినదంతా ఒక్కసారిగా చదివి, ‘ఆవిడ కూడా పాపమే’ అని ఒక్క ముక్క రాశాడు. ఆవలింత, ‘ఇన్నాళ్ళకి ఒక మనిషిని రాశారు. అయినా స్టవ్ గురించి ఎక్కువైంది’ అన్నాడు. ఉల్లిపొర ఏమీ రాయలేదు. చదివిందో లేదో కూడా తెలియదు. పిట్టగోడ అడగలేదు.

చివరి భాగంలో భార్య తన సామాను సర్దుకుని, నీతో నాకు తగువు లేదు, నా బతుకు నాకుంది, అని చెప్పి వెళ్ళిపోయింది. డ్రైవరు బస్సు డిపోలో పెట్టి, వెనక గది దాకా నడిచి, తలుపు ముందు నిలబడ్డాడు. లోపల దీపం వెలుగుతోంది. కథని అతను అక్కడితో ఆపేశాడు.

తలుపు కొట్టాడా లేదా అన్న తగువు ఆ రోజే మొదలైంది. కొట్టాడని ఒక జట్టు. అతనికా ధైర్యం లేదని ఒక జట్టు. కొట్టినా పెయింటరు తియ్యకూడదని, అంత తేలిగ్గా తీస్తే వాడికి సిగ్గు లేనట్టేనని మూడో జట్టు. లోపల ఉన్నది అసలు పెయింటరేనా, అతను ఖాళీ చేసి వెళ్ళిపోతే వేరేవాళ్ళు దిగారేమో అని ఆవలింత ఒక పుల్ల వేసి పోయాడు. కొత్త గదిలో స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటే అతను గోడకి ఆనుకుని ఇదంతా చదువుతున్నాడు.

రాసినాయన్నే అడిగితే పోలా, అన్నారెవరో.

దానికి ఎర్రగొడుగు రాశాడు: ‘ఆయనకేం తెలుసు?’