వారానికి మూడుసార్లు వెలుతురు

గిన్నెలు తోముతుంటే రబ్బరు తొడుగులోకి నీళ్ళు పోయి చెయ్యి చురుక్కుమంది. "ఆ లైట్ల కింద నిలబడితే తగ్గుతుందన్నావుగా, మరింకా ఈ తొడుగులెందుకు?" అని మావారు మొన్న అన్న మాట గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఎగ్జిమా మంట చాలదన్నట్టు అదొకటి.

ఐదేళ్ళుగా పూతలు, మాత్రలు, సూదిమందులు అన్నీ అయ్యాయి. దేనికీ లొంగలేదు. చివరికి చర్మ డాక్టరమ్మ కాంతి చికిత్స రాసింది. నిలువెత్తు ట్యూబులైట్ల మధ్య, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, దాదాపు బట్టల్లేకుండా నిలబడాలి. మొదటిరోజు అరనిమిషం కూడా లేదు. వెళ్ళినప్పుడల్లా కొన్ని సెకన్లు పెంచుతారు, వరసగా మానేస్తే మళ్ళీ తగ్గిస్తారు. రెండు నెలలైనా నేను మొదలుపెట్టిన చోటే తచ్చాడుతున్నాను. "ఇలా డుమ్మాలు కొడితే ఎప్పటికి తగ్గేనమ్మా?" అని నర్సు విసుక్కుంది. తగ్గితే నా ఉద్యోగం నాకుంది. ల్యాబులో రక్తం తీసేదాన్ని. నా చేతులే పగిలి నెత్తురు కారుతుంటే ఎవరు చెయ్యి చాపుతారని సెలవు పెట్టించారు. ఆ సెలవు ఇంకో మూడు నెలలే.

డుమ్మాలకి కారణం అత్తయ్య కాళ్ళ నొప్పులు. అవి సరిగ్గా నేను ఆస్పత్రికి వెళ్ళే సోమ, బుధ, శుక్రవారాల్లోనే వస్తాయి. మిగతా రోజుల్లో ఆవిడ మేడ మెట్లు చకచకా ఎక్కేస్తారు. నా అనుమానమంతా ఆవిడ మీదే. మావారేమో పాపం, "వెళ్ళొద్దనను, కానీ అమ్మనొక్కదాన్నే ఎలా వదులుతాం?" అని నసిగేవారు. "నువ్వుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుంది" అని ఒకసారి ఆయనంటే మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అందుకే నర్సుని బతిమాలి మంగళ, గురు, శనివారాలకి మార్పించుకున్నాను. అత్తయ్యకి చెప్పలేదు. ఎవరో ఒకరికి చెప్పాలి కదా అని, ఈ ఉదయం మావారు ఆఫీసుకి బయల్దేరుతుంటే ఆయనొక్కరికే చెప్పాను. "ఓహో, ఇవాళేనా? మంచిది" అన్నారు, బూట్ల లేసు కట్టుకుంటూ.

ఇంకో నాలుగు గిన్నెలున్నాయనగా ఫోన్ మోగింది. చేతులు తడిగా ఉన్నాయని మోచేత్తో స్పీకరు నొక్కాను.

"అమ్మకి కాళ్ళు బాగా లాగుతున్నాయటగా? ఈ ఒక్కరోజుకి ఆస్పత్రి మానెయ్. వచ్చేవారం చూద్దాంలే" అన్నారు మావారు.

తలెత్తి చూశాను. అత్తయ్య స్టూలెక్కి, మునివేళ్ళ మీద లేచి, పై అరలోంచి డబ్బా దించుతున్నారు. ఆవిడ చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. నన్ను చూశారు, ఫోన్ని చూశారు.

"ఇవాళ మంగళవారం కదరా! కాళ్ళ నొప్పులనమని నాకింకా చెప్పనేలేదు నువ్వు" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆవిడ కాళ్ళనే కనిపెట్టి చూస్తూ కూర్చున్నందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"ఆవిడకంత నొప్పిగా ఉంటే మీరు సెలవు పెట్టి రండి" అన్నాను. "మూడు నెలల్లో నేను డ్యూటీలో చేరుతున్నాను. ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి."