రాహేలమ్మ అన్నం

మూడో కడుగు నీళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. రాహేలమ్మ వాటిని వంపేసి, గిన్నెను కుళాయి కిందికి జరిపి, మళ్ళీ బియ్యంలోకి చేయి దించింది. వేళ్ళు కొద్దిగా వంచి గుండ్రంగా తిప్పుతుందే తప్ప రుద్దదు, పిసకదు. ఈ బియ్యం పొట్టిగా బొద్దుగా ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. అయిదో కడుగుకి నీళ్ళ అడుగున తన అరచేతి గీతలు కనపడాలి. కనపడ్డాకే జల్లెడలో పోస్తుంది.

జపాన్ వాళ్ళ సుషీ అంటే పచ్చి చేప అని లోకం అనుకుంటుంది. అనుకోనివ్వండి. లోకానికి తీరిక లేదు, ఫోటోలో చేప ముక్కే పైకి కనపడుతుంది. దాని కింద బొటనవేలంత అన్నం ముద్ద ఉంటుంది. ఆ ముద్ద చేతిలో విడిపోకూడదు, నోట్లో విడిపోవాలి. గచ్చిబౌలిలో అద్దాల మేడ కింది అంతస్తులో ఉన్న ఈ సుషీ హోటల్లో ఆ అన్నం మూడేళ్ళుగా రాహేలమ్మదే.

అంతకుముందు ఇరవై మూడేళ్ళు యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో గంగాళాలకి గంగాళాలు అన్నం వార్చింది. అక్కడ మెతుక్కి మెతుకు అంటకూడదు. అంటితే పిల్లలు కంచాలు వాయించేవాళ్ళు. అన్నం ముద్దయితే కోడలిని ఏడిపించే దేశంలో పుట్టి, ముద్ద కట్టడమే గొప్ప అనే వంటగదికి యాభై అయిదేళ్ళ వయసులో వచ్చి పడింది. మొదటి నెల ఆమెకు నవ్వు ఆగేది కాదు. "గిట్ల వండితే మా అత్త నన్ను ఇంట్ల ఉండనిచ్చునా" అనేది.

మనిషి పొట్టి. నడుం దగ్గర చీర కుచ్చిళ్ళు పైకి దోపి, దాని మీద నల్ల ఏప్రాన్ కట్టుకుంటుంది. చేతులు ముంజేతుల దాకా ఎప్పుడూ తడిగా, ముడతలు పడి ఉంటాయి. ముఖం చూస్తే గుర్తుండే ముఖం కాదు. గోపన్‌పల్లి నుంచి షేర్ ఆటోలో ఆమె పక్కన రోజూ కూర్చునే వాళ్ళు కూడా ఇంకోచోట కనిపిస్తే పోల్చుకోలేరు.

అన్నం ఉడికి, మగ్గి, వెడల్పాటి చెక్క తొట్టిలోకి వచ్చింది. పంచదార, ఉప్పు కరిగించిన సిర్కా, అదే వెనిగర్, దాని మీద చల్లి, చెక్క గరిటెతో అడ్డంగా కోస్తున్నట్టు కలుపుతూ, ఎడమ చేత్తో తాటాకు విసనకర్ర విసరసాగింది. కుడి చెయ్యి ఆగకూడదు, ఎడమ చెయ్యి ఆగకూడదు. అప్పుడే మెతుకు మీద మెరుపు వస్తుంది. ఇవాళ ఎందుకో వీపు మధ్యలో పట్టేసినట్టుంది. విసనకర్ర రెండుసార్లు ఆపింది.

"ఏమైందమ్మా?" అన్నాడు నతానియేల్, చేప కోస్తున్నవాడు తలెత్తి. అతను ఇక్కడ పెద్ద వంటవాడు. బాపట్ల వైపు పాస్టరు గారి అబ్బాయి, ఓడల్లో వంట చేస్తూ ఈ విద్య నేర్చుకొచ్చాడు.

"ఏం లేదు బిడ్డా. రాత్రి నిద్ర లేదు, గంతే."

నిద్ర లేకపోవడానికి కారణం మూలన నిలబడి ఉంది. స్టీలు బీరువా అంత యంత్రం. బియ్యం పోస్తే చాలు, అదే కడుగుతుంది, వండుతుంది, సిర్కా కలుపుతుంది, చల్లారుస్తుంది. వారం వాడి చూసి నచ్చితే ఉంచుకోండి అని కంపెనీ వాళ్ళు పెట్టి వెళ్ళారు. ఇవాళ ఏడో రోజు. హోటల్ యజమాని ఆదర్శ్ పొద్దున్నే వచ్చి, "రాహేలమ్మ గారూ, మూడున్నరకి జనం తగ్గుతారు కదా. నాలుగో టేబుల్ దగ్గర కూర్చుందామండి. ఈ మెషీన్ సంగతి ఇవాళ తేల్చేద్దాం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆమెకు నవ్వు కనపడలేదు, తేల్చేద్దాం అన్న మాటే వినపడింది.

జీతం పోతుందని కాదు ఆమె భయం. కూతురు ప్రిస్కిల్లా నర్సు, అల్లుడు మంచివాడు, ప్రగతి నగర్‌లో వాళ్ళకు మూడు గదుల ఇల్లు. రమ్మని రోజూ పోరుతారు. మెస్సు కాంట్రాక్టు మారి పాతవాళ్ళను తీసేసినప్పుడు వెళ్ళి ఎనిమిది నెలలు ఉంది కూడా. భర్త పుల్లయ్య అప్పటికే కరోనాలో పోయాడు. కూతురింట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు, ఒక్క పనీ చెప్పలేదు. పొద్దున టీవీ ముందు కూర్చోబెడితే సాయంత్రం దాకా కూర్చునేది. ఆ ఎనిమిది నెలల్లో తను బతికే ఉన్నానా అని ఆమెకు చాలాసార్లు అనుమానం వచ్చింది. చర్చిలో పరిచయమైన సరిత, ఈ హోటల్లో వడ్డించే అమ్మాయి, గిన్నెలు కడిగే పని ఉందంటే పరుగున వచ్చింది. అన్నం వండే మనిషి మానేసిన రోజున తొట్టి దగ్గరికి జరిగింది. అంతే, ఇక అక్కణ్ణించి కదల్లేదు. ఇప్పుడు కదలమంటారేమో. మళ్ళీ ఆ టీవీ ముందుకి వెళ్ళడం ఆమె వల్ల కాదు.

పన్నెండున్నరకి ఆఫీసుల జనం మెళ్ళో కార్డులతో దిగారు. ఆదర్శ్ చెప్పినట్టు నతానియేల్ ఒక టేబుల్‌కి రాహేలమ్మ అన్నం, పక్క టేబుల్‌కి యంత్రం అన్నం పంపుతున్నాడు. తినేవాళ్ళకు ఆ సంగతి తెలియదు. రాహేలమ్మ ప్లేట్లు అందించే కిటికీ దగ్గర నిలబడి చూసింది. ఈ టేబుల్ వాళ్ళూ ఫోటోలు తీశారు, ఆ టేబుల్ వాళ్ళూ తీశారు. ఈ ప్లేట్లూ ఖాళీ, ఆ ప్లేట్లూ ఖాళీ. ఏడో టేబుల్‌లో కొడుకు తీసుకొస్తే వచ్చిన ఒక పెద్దావిడ, చేప ముక్కల్ని నెమ్మదిగా పక్కకి దొర్లించి అన్నం మాత్రం తింటోంది. సరిత బిల్లు తీసుకెళితే, "చేప నాకు పట్టలేదు గానీ, అన్నం మాత్రం కమ్మగా ఉందమ్మా. వండినావిడకి చెప్పు" అంది.

సరిత ఆ మాట మోసుకొచ్చి సంబరంగా చెప్పింది. ఏడో టేబుల్‌కి వెళ్ళింది యంత్రం అన్నం.

రాహేలమ్మకు అది తెలుసు. సరితతో ఆ సంగతి అనలేదు. "మంచిది బిడ్డా" అని, తొట్టి మీద తడిగుడ్డ సరిచేసి, మళ్ళీ సరిచేసింది.

రెండున్నరకి పనివాళ్ళ భోజనం. మామూలుగా అదొక వేడుక. రాహేలమ్మ ప్రార్థన చేయనిదే ఎవరూ ముద్ద ఎత్తరు, ఆ ప్రార్థన ఒక పట్టాన తెమలదు. కళ్ళు మూసుకుని, సన్న గొంతుతో పైకే, గిన్నెలు కడిగే శ్రీనివాసులు మొదలుకొని గ్యాస్ బండ తెచ్చేవాడి దాకా పేరు పేరునా దేవుడికి అప్పజెబుతుంది. ఆదర్శ్ అత్తగారి మోకాలు ఆపరేషన్ కూడా ఆ పద్దులో ఉంటుంది. "ఆంటీ ఆమెన్ అనేలోపు కూర చల్లారుద్ది. మనం సుషీయే తినాలి, దానికైతే చల్లారే బాధ లేదు" అని సరిత వెక్కిరిస్తుంది. ఇవాళ రాహేలమ్మ భోజనానికి కూర్చోలేదు. ఆకలి లేదంది. రాత్రి పూట అన్నానికి బియ్యం కడిగి నానబెట్టి, చేతులు తుడుచుకుని, ఏప్రాన్ విప్పి, కొంగు సరిగ్గా చుట్టుకుని నాలుగో టేబుల్ దగ్గరికి నడిచింది.

మూడేళ్ళలో ఆమె కస్టమర్లు కూర్చునే చోట కూర్చోవడం అదే మొదలు. గోడవార మెత్తటి సోఫా. దాంట్లో కూరుకుపోయి, ఎటూ ఆనకుండా అంచున కూర్చోబోయి, కుదరక వెనక్కి జరిగింది. ఎదురుగా ఆదర్శ్. నతానియేల్ రెండు ప్లేట్లు తెచ్చి పెట్టి ఆదర్శ్ పక్కన కూర్చున్నాడు. ఒక్కో ప్లేటులో మూడేసి ముద్దలు, పచ్చి చేప ఆమెకు సయించదని పైన గుడ్డు అట్టు ముక్క పెట్టాడు. ఒకటి ఆమె అన్నం, ఒకటి యంత్రం అన్నం.

"ఏది మీదో మీరే చెప్పాలండి" అన్నాడు ఆదర్శ్. "మాకు తెలియడం లేదు. మీకు తెలియాలి కదా."

"చెప్త సారూ" అంది రాహేలమ్మ. ముఖం మీద చెమట పట్టి ఉంది. ఏసీలో ఆ చెమట ఏమిటని ఎవరూ అనుకోలేదు, వంటింట్లోంచి వచ్చిన మనిషి కదా. "జర ప్రార్థన చేసుకుంట."

రెండు మోచేతులూ టేబుల్ మీద ఆనించి, చేతులు జోడించి, వాటి మీద నుదురు పెట్టుకుంది.

నతానియేల్ కూడా కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరైనా కదిలిస్తే వాళ్ళ నాన్న బెత్తం తీసేవాడు. ఆ భయం అతనికి ఒంట్లో మిగిలిపోయింది. ఆదర్శ్‌కి ఆ అలవాటు లేదు గానీ, మర్యాద తెలిసినవాడు. ఫోన్ బోర్లా పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అద్దం బయట ఆఫీసు బస్సు ఒకటి ఆగి, వెళ్ళింది.

సరిత మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చింది. నతానియేల్ ఒక కన్ను తెరిచి, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆమె గ్లాసుతో అలాగే వెనక్కి వెళ్ళింది.

ఐదు నిమిషాలయ్యాక ఆదర్శ్ కళ్ళతో అడిగాడు. నతానియేల్ గుసగుసగా, "ఉండండి సార్. ఇవాళ ఆవిడకి చెప్పుకోవలసింది ఎక్కువ ఉంటుంది" అన్నాడు. ఆదర్శ్ తల ఊపాడు. సుషీ చల్లారే వస్తువు కాదు. తొందరపెట్టడానికి ఆ సాకు కూడా ఎవరికీ లేదు.

మరో పది నిమిషాలకి ఆమె కొంగు ముడిలోని ఫోన్ మోగింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ప్రార్థనలో ఫోన్ మోగితే రాహేలమ్మ చటుక్కున నొక్కేస్తుంది, ఆ సంగతి నతానియేల్‌కు తెలుసు. ఈసారి పూర్తిగా కళ్ళు తెరిచాడు. "అమ్మా" అన్నాడు. "రాహేలమ్మా" అన్నాడు. లేచి టేబుల్ చుట్టూ వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. జోడించిన చేతుల మీంచి నుదురు జారి టేబుల్‌కి తగిలింది.

దవాఖాన రెండు వీధుల అవతలే. అంబులెన్స్ కోసం ఆగకుండా ఆదర్శ్ కారులో తీసుకెళ్ళారు. లోపలికి తీసుకెళ్ళిన ఇరవై నిమిషాలకి ఒక చిన్న వయసు డాక్టరమ్మ కాగితాలతో బయటికి వచ్చింది. గుండెపోటు అంది. లేరు అంది. తర్వాత కాగితం మీద ఏదో నింపడానికి, "ఉలుకూ పలుకూ లేకుండా ఎంతసేపు ఉన్నారు?" అని అడిగింది.

నతానియేల్ ఆదర్శ్ వైపు తిరిగాడు. ఆదర్శే చెప్పాడు. "పావుగంట ఉంటుందండి."

"పావుగంటా? పక్కన ఎవరూ లేరా?"

"ఎదురుగానే కూర్చున్నామండి. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాం."

డాక్టరమ్మ కలం ఆగింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రాసుకుని వెళ్ళిపోయింది. ఆ చూపు కంటే రెండు చెంపదెబ్బలు నయం.

ఆదర్శ్ వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఎవరూ అడగకుండానే, "నిన్న సాయంత్రమే కంపెనీకి ఫోన్ చేసి చెప్పేశాను, మెషీన్ వద్దు, తీసుకుపొమ్మని" అన్నాడు.

నతానియేల్ నిర్ఘాంతపోయి చూశాడు. "మరి పొద్దున్నే చెప్పలేదేం సార్?"

"ఆవిడ రుచి చూసి ఇది నాది అంటారు కదా. అప్పుడు చెబుదామనుకున్నా. సరదాగా ఉంటుందని." పొద్దున్నే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

అయిదు గంటలకి ప్రిస్కిల్లా వచ్చింది. రాత్రి డ్యూటీ చేసి పడుకుని, లేవగానే తల్లికి రెండుసార్లు ఫోన్ చేసిన మనిషి. లోపలికి వెళ్ళి తల్లిని చూసి వచ్చింది. ఏడవలేదు. మిన్ను విరిగి మీద పడితే మనిషి వెంటనే ఏడవలేడు. నతానియేల్ ఎదురుగా నిలబడి జరిగింది మొత్తం వింది. నర్సు కాబట్టి ముందు ఆ ప్రశ్నే అడిగింది.

"నాడి చూడలేదా అన్నా?"

"ప్రార్థనలో ఉందనుకున్నా తల్లీ. కదిలించకూడదని..."

ప్రిస్కిల్లా అతని వంకే చూస్తూ, నెమ్మదిగా, అతన్ని నిలదీస్తున్నట్టు కూడా కాకుండా, తనకే అర్థం కానట్టు అంది. "మా అమ్మ ప్రార్థన పైకే చేస్తది కదన్నా. మనసుల చేసుకునుడు ఆమెకు రాదు. మీకు ఎరుకే కదా."

ఎరుకే. మూడేళ్ళు రోజూ విన్నాడు. తన పేరు కూడా రోజూ విన్నాడు. పావుగంట పాటు ఎదురుగా ఒక్క శబ్దం లేకపోతే, ఆ నిశ్శబ్దాన్ని భక్తి అనుకుని దానికి కాపలా కాశాడు, నీళ్ళు తెచ్చిన పిల్లను కూడా ఆపాడు. చేపను కాగితమంత పల్చగా కోసే చేతులు అతనివి, వాటిని జేబుల్లో పెట్టుకోవడం కూడా చేతకాలేదు.

ఆరు గంటలకి హోటల్ తలుపుకి ఇవాళ సెలవు అని కాగితం అంటించి, దీపాలు ఆర్పడానికి అతను ఒక్కడే వంటింట్లోకి వెళ్ళాడు. తొట్టి కడిగి బోర్లించి ఉంది. దాని పక్కన, రాత్రి అన్నానికి అరగంట నానితే చాలని పెట్టిన బియ్యం మూడు గంటలుగా గిన్నెలోనే ఉంది. ఇక వండితే నూకలవుతుంది, పారబోయాల్సిందే. రెండు చేతులా గిన్నె అంచు పట్టుకుని సింకు మీదికి వంగాడు, వంచలేకపోయాడు. తేరిన నీళ్ళ అడుగున, ఎసరు కొలవడానికి ఆమె అరచెయ్యి ఆనించి తీసిన చోట, అయిదు వేళ్ళ గుర్తుతో బియ్యం తెల్లగా నొక్కుకుపోయి ఉంది.