కింది బోల్టు

స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని మేస్త్రి పైకి లాగాడు, కిందికి నొక్కాడు. వేలి మందాన ఊగింది. లోపలెక్కడో ఇనుము ఇనుముకు తగిలి టకటకమంది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా పొద్దున్నే ఏదో ఒక కారులో కూర్చుని ఇలా వదులు వెతకడమే అతని పని. బోల్టు కానీ, తలుపు కీలు కానీ, అతని చేతిలో పడ్డాక మళ్లీ కదిలేది కాదు. అందుకే అందరూ బిగింపు మేస్త్రి అనేవారు. అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా తడుముకుని చెప్పాల్సిందే.

ఆ కారు నర్సమ్మది. గుండ్రటి దీపాలతో, ఉబ్బిన బుగ్గల్లాంటి మడ్‌గార్డులతో యాభై ఏళ్లనాటి బండి. నర్సుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆమె కాన్పులు చేయడానికి అందులోనే వెళ్లేది. నాలుగు నెలల కిందట స్టీరింగు ఊగుతోందని ఇక్కడికే తెచ్చింది. ఆ తర్వాత మూడు వారాలకు ఒక మలుపులో కారు గోడను గుద్దింది. ఆమె కుడి మణికట్టు విరిగింది. ముందు భాగం వేరేచోట బాగు చేయించి, కారును అమ్మకానికి పెట్టారు. కొనడానికి వచ్చినవాడు స్టీరింగు ఇంకా వదులుగా ఉందనడంతో లారీ మీద ఎక్కించి మళ్లీ ఇక్కడికి పంపారు.

మేస్త్రి డాష్‌బోర్డు కింద తల దూర్చి చూశాడు. స్టీరింగు కడ్డీ ఉన్న గొట్టాన్ని పట్టి ఉంచే క్లాంపు తను బిగించినట్టే ఉంది. బోల్టు తల మీద తన పానా గీతలు కూడా చెరగలేదు. పైన ఇంత గట్టిగా ఉంటే వదులు కిందే ఉండాలి.

నాలుగు నెలల కిందట, ఆ రోజు అతను కింద చూడలేదు.

అప్పటికే అతని నడుం మాట వినడం మానేసింది. కారు కిందికి దూరితే ఎవరో ఒకరు చెయ్యిచ్చి లాగితే తప్ప లేవలేడు. షెడ్డులో రెండో సగం బావమరిదిది, కార్లకు రంగు వేస్తాడు. అతణ్ణి పిలవడానికి మొహం చెల్లలేదు. పై క్లాంపు బిగించగానే ఊగడం ఆగింది. "కిందా పైనా అంతా చూశానమ్మా, నిశ్చింతగా తిప్పుకోండి" అనేశాడు. నర్సమ్మ నమ్మకంగా తలూపి వెళ్లిపోయింది.

ఇవాళ అట్టముక్క పరిచాడు. ఒక మోకాలు, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాత వీపు. టార్చి పళ్ల మధ్య పెట్టుకుని కిందికి జరిగాడు. కడ్డీ కొసను, చక్రాలను తిప్పే జాయింటులో పట్టి ఉంచాల్సిన బోల్టు రెండే రెండు మర చుట్ల మీద వేలాడుతోంది. కడ్డీ పళ్లు అరిగి, సగం బయటికి జారి ఉన్నాయి. చేత్తో తిప్పితే కడ్డీ తిరిగింది, జాయింటు కదల్లేదు. బోల్టు తల మీద ఏళ్లనాటి మట్టి పెచ్చులా అలాగే ఉంది. ఆ మట్టే చెబుతోంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదని.

బిగించడానికి అరగంట పడుతుంది. బండి అమ్ముడుపోతుంది. ఎవరికీ తెలియదు. పానా బోల్టు మీద పెట్టాడు కూడా.

చెప్పుల చప్పుడై, కారు పక్కన రెండు పాదాలు ఆగాయి.

"మేస్త్రీ, నేనే. సీటు ముందు అరలో నా పాత డైరీ ఉండిపోయింది, తీసుకుందామని వచ్చా" అంది నర్సమ్మ.

"తీసుకోండమ్మా."

అర తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. పాదాలు మళ్లీ కిందికి దిగాయి. "మీరేమీ మనసులో పెట్టుకోకండి. మీరు బాగానే చేశారు, నా చేతులే పట్టు తప్పాయి. ఎన్ని పసిగుడ్లను పట్టుకున్న చేతులు! ఇప్పుడు మా అమ్మాయి తన పాపను ఇవ్వబోతే వద్దంటున్నా."

మేస్త్రి పానా తీసేశాడు.

"అమ్మా, మలుపులో మీరు చక్రం తిప్పారా?"

"తిప్పాననే అనుకున్నా. ఆలస్యంగా తిప్పానేమో."

"మీరు సరిగ్గానే తిప్పుంటారు. కారు తిరగలేదు. కింద బోల్టు వదులైపోయుంది. ఆ రోజు నేను కింద చూళ్లేదు. చూశానని అబద్ధం చెప్పా."

పాదాలు కదల్లేదు. మొహం కనబడకపోవడం వల్ల చెప్పగలిగాడు. అది తెలిసి ఇంకా సిగ్గేసింది.

"బయటికి రండి" అంది ఆమె.

"లేవలేనమ్మా. మా బావమరిదిని పిలవండి."

రంగు చేతులు తుడుచుకుంటూ బావమరిది వచ్చాడు. "ఏంటి బావా, కారు కిందే కాపురం పెట్టావా?" అంటూ వంగి, ఇద్దరి మొహాలూ చూసి నోరు మూసుకున్నాడు. చంకల కింద చేతులు వేసి లాగి నిలబెట్టాడు.

నర్సమ్మ మొహంలో కోపం కనిపించలేదు. ఆమె తన అరచేతులను తిప్పి తిప్పి చూసుకుంటోంది. తర్వాత ఫోను తీసింది.

"మా అమ్మాయికి చెప్పండి. నాకు చెప్పినట్టే చెప్పండి."

అతని చేతుల నిండా గ్రీజు. ఆమే ఫోనును అతని చెవి దగ్గర పట్టుకుంది. అతను మొదటి నుంచి చెప్పాడు, నడుం సంగతి తప్ప. అవతల ఫోనులో చంటిపిల్ల ఏడుపు వినబడుతోంది.

"మా అమ్మ నాలుగు నెలలుగా తన చేతులు తనే చూసుకుంటూ కూర్చుంటోంది. మీకు తెలుసా?" అంది కూతురు. అతను తెలియదన్నాడు. ఫోను ఆగిపోయింది.

మిగతా పని బావమరిది చేశాడు. మేస్త్రి పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటీ చెప్పాడు. అరిగిన కడ్డీ తీసి, షెడ్డులో ఉన్న పాత బండిది, పళ్లు బాగున్నది వేశారు. కొత్త బోల్టు, కొత్త వాషరు. అయ్యాక నర్సమ్మను కూర్చోబెట్టి తిప్పమన్నారు. ఆమె ఎడమకు తిప్పింది, ముందు చక్రాలు ఎడమకు తిరిగాయి. కుడికి తిప్పింది. అలా ఏడెనిమిది సార్లు తిప్పుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు.

"ఇక ఈ కారు అమ్మను" అంది.

పర్వాలేదులెండి అంటుందేమోనని మేస్త్రి చూశాడు. అనలేదు. ఆ మాట కోసం ఎదురుచూసినందుకు తల దించుకున్నాడు. కారు మెల్లగా వీధి చివరి దాకా వెళ్లి, ఎక్కడ తిరగాలో అక్కడే తిరిగి కనుమరుగైంది.

సాయంత్రం ఐదయింది. మేస్త్రి పానాలన్నీ తుడిచి, కొలతల వారీగా బావమరిది బల్ల మీద పేర్చాడు.

"ఇవి నా దగ్గర పెడుతున్నావేంటి బావా?"

"రేపటి నుంచి నేను రాను."

"నడుం నొప్పి అని చెప్పనా, ఎవరైనా అడిగితే?"

"వద్దు. చూడని పని చూశానన్నాడని చెప్పు."

మేస్త్రి కుళాయి దగ్గర మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని, వెనక్కి చూడకుండా వీధిలోకి నడిచాడు. కుళాయి గట్టు మీద సబ్బు ఇంకా తడిగానే ఉంది, దాని నిండా అతని వేళ్ల నల్లటి చారలతో.