వ్యాను వెళ్ళని దారి

చెమటకు అట్టలు కట్టిన చొక్కాలు మూడూ బకెట్లో నానేసి, సబ్బు నురగలో చేతులు ముంచి, కిటికీలోంచి వస్తున్న మాటలు వింటోంది ఆమె. కింద లాడ్జి వరండాలో మగవాళ్ళు ముగ్గురూ కాళ్ళు బారజాపుకుని టీ తాగుతున్నారు. ఒకరు భర్త, ఒకరు మరిది, మూడో ఆయన భర్త స్నేహితుడు, పళ్ళ డాక్టరు.

"ఆ వంపు దగ్గర చెట్లు చూశావా అన్నయ్యా, రెండు గట్ల మీంచీ వంగి కలిసిపోయాయి. గుహలోంచి వెళ్ళినట్టుంది" అంటున్నాడు మరిది.

"పొద్దుట్నుంచీ ఒక్క హారన్ వినబడితే ఒట్టు" అన్నాడు భర్త. "చెవులు కడిగినట్టున్నాయి."

ఆమె చెవుల్లో మాత్రం ఇంకా లారీలు తిరుగుతున్నాయి.

నాలుగు రోజుల సైకిల్ యాత్ర అది. కాలువ గట్టు మీద సైకిళ్ళకీ కాలినడకకీ తప్ప దేనికీ అనుమతి లేదు. "అదే దాని అందం" అన్నాడు భర్త, నెల కిందట పటం పరుచుకుని కూర్చున్నప్పుడు. మరి సామానో అని ఆమె అడిగింది. "వ్యానుంది కదా. నువ్వు రోడ్డు మీద తెచ్చెయ్యి. నీకూ కాస్త మార్పు ఉంటుంది" అన్నాడు. పోస్టాఫీసు కౌంటర్లో ఏడాదంతా దాచుకున్న సెలవు ఆమె ఈ మార్పు కోసం పెట్టింది. కాగితం మీద సంతకం చేస్తూ పెద్దాఫీసరు, "మీవారు యాత్రలకు కూడా తీసుకెళ్తారా? పెట్టి పుట్టారమ్మా" అన్నాడు. ఇంట్లో కుళాయి ఎడమవైపుకి తిరిగేది, ఈ లాడ్జిలో కుడివైపుకి తిరుగుతోంది. ఇంతవరకూ వచ్చిన మార్పు అదొక్కటే.

పొద్దున వాళ్ళు గంట మోగించుకుంటూ వెళ్ళాక, ఆమె గదులు సర్ది, ఆరీ ఆరని బట్టలు మూటగట్టి, సంచులన్నీ వ్యానులోకి చేరవేసేది. లారీల వెనక దుమ్ము మింగుతూ పెద్దరోడ్డు మీద వెళ్ళి, మధ్యాహ్నానికి రోడ్డూ కాలువా కలిసే వంతెన దగ్గర భోజనం విప్పి ఉంచేది. వాళ్ళు వచ్చి, తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవారు. ఆమె చూసిన కాలువంతా ఆ వంతెన వెడల్పే. మళ్ళీ పరుగు. సాయంత్రం వాళ్ళు చేరేసరికి గదులు తెరిచి ఉండాలి, వేణ్ణీళ్ళు కాగి ఉండాలి, రోజంతా తొక్కి మెట్లెక్కలేని డాక్టరుగారికి కింద గది దొరకాలి. "వదినగారు ఉండబట్టి సరిపోయింది" అనేవాడాయన. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అనేవాడు. దాన్తోనే వచ్చింది చిక్కు. తిట్టినవాడికైతే ఎదురు చెప్పొచ్చు.

భర్త కూడా చెడ్డవాడేం కాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె కాలేజీ నాటి సైకిలు మీదే పనిలోకి వెళ్ళేది. "కోడలు సైకిలెక్కి ఊరేగుతుంటే వెనక నలుగురూ ఏమనుకుంటారు?" అంది అత్తగారు. ఆమె భర్త వైపు చూసింది. "అమ్మతో గొడవెందుకు, బస్సుంది కదా" అన్నాడాయన. సైకిలు పెరట్లో గోడకు చేరగిలబడి, తుప్పు పట్టి, ఒకనాడు పాతసామాన్లవాడి బండెక్కింది. ఆయన ఆమెను ఏనాడూ దేనికీ వద్దనలేదు. ప్రతిసారీ దానికి బదులు ఇంకోటేదో చూపించేవాడు, అంతే.

ఆ రెండో రోజు సాయంత్రం భర్త మోకాలు పొంగింది. పళ్ళ డాక్టరు నొక్కి చూసి, "పన్నయితే పీకేసేవాణ్ణి. మోకాలు నా పరిధిలోకి రాదు" అన్నాడు. అందరూ నవ్వారు. రేపొక్కరోజు తొక్కకుండా ఉంటే సర్దుకుంటుందని తేల్చారు.

"అయితే సైకిలు వ్యానులో వేసుకుని నీ పక్కన కూర్చుంటాలే" అన్నాడు భర్త, కిందికి వచ్చిన ఆమెతో.

తడిచేతులు తుడుచుకుంటూ ఆమె అంది, "ఎడమకాలే కదా. మన వ్యానుకి క్లచ్చి లేదు, కుడికాలు చాలు. మీరు వ్యాను తీసుకురండి, నేను సైకిలు తెస్తాను."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

"సైకిలెక్కి ఎన్నాళ్ళయింది వదినా?" మరిది నవ్వు ఆపుకున్నాడు.

"ఇరవై రెండేళ్ళు."

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగిపోతే దిగుతాను."

భర్త మోకాలు ఒకసారి నిమురుకుని, వ్యాను తాళాల కోసం చెయ్యి చాపాడు.

మర్నాడు మొదటి ఫర్లాంగు సైకిలు తాగుబోతులా ఊగింది. ఆ తరవాత కాళ్ళు వాటంతటవే దారిలో పడ్డాయి. మగవాళ్ళిద్దరూ కాసేపు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళి, ఇంకాసేపటికి కనబడకుండా పోయారు. ఆమె ఒక్కతే మిగిలింది. మొదట్లో బుర్ర పాత పాటే పాడింది. ఆయన మాత్ర వేసుకున్నారో లేదో, డాక్టరుగారి గది తాళం తిరిగి ఇచ్చామో లేదో, తువ్వాలు దండెం మీదే ఉండిపోయిందేమో, వంతెన దగ్గరికి మలుపు ఎడమవైపని చెప్పానో లేదో. ఒక్కొక్క ఆలోచనా వచ్చి వెనక కూర్చుంటుంటే సైకిలు బరువెక్కుతున్నట్టే ఉంది. ఎక్కడ దిగిపోయాయో తెలీదు. ఒకచోట చూసుకునేసరికి చాలాసేపటి నుంచి తను దేన్ని గురించీ ఆలోచించడం లేదు. నీళ్ళు చప్పుడు లేకుండా పక్కనే నడుస్తున్నాయి. అవతలి గట్టున ఎవరిదో గొడుగు వెళ్తోంది. గడ్డి కోసిన పచ్చివాసన. మరిది చెప్పిన చెట్లలాంటివే, రెండు గట్ల మీంచీ వంగి, తల మీద కలుసుకున్నాయి.

సంతోషం వస్తుందనుకుంది. వచ్చింది కోపం. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళింది. రెండు రోజులుగా ఇది పక్కనే ఉంది. చెట్ల వరస దాటితే చాలు. ఆ దుమ్ములో తనను కూర్చోబెట్టి, నువ్వూ యాత్రకి వచ్చావు కదా అన్నారు. తనూ అవునంది. ఊరెళ్ళాక ఆఫీసులో అందరికీ అలాగే చెప్పి ఉండేది కూడా.

లాకుల దగ్గర తలుపులు దించే పనిలో ఉన్న ఆడమనిషి ఆమెను చూసి చక్రం తిప్పడం ఆపింది.

"మీవాళ్ళు ఇద్దరూ ముందెళ్ళారు. కేకెయ్యమంటారా?"

"వద్దమ్మా, వెళ్ళనీ."

"ఒంట్లో బాలేదా? కళ్ళు ఎర్రగా ఉన్నాయి."

"బానే ఉంది. కాసేపు కూర్చుంటాను."

"కూర్చోండి. ఇక్కడ తరిమేవాళ్ళెవరూ లేరు" అని ఆ మనిషి తన పనిలో పడింది. ఆమె రాతిమెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి, నీళ్ళలో కాళ్ళు పెట్టి, కోపం చల్లబడేదాకా కాదు, దాని మొహం సరిగ్గా కనబడేదాకా కూర్చుంది. అది అత్తగారి మీద కాదు. సగం భర్త మీద. మిగతా సగం తన మీద.

వంతెన దగ్గరికి వ్యాను రాలేదు. మరిదీ డాక్టరూ ఆకలితో రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. చాలాసేపటికి భర్త వచ్చాడు. దారి తప్పాడు. భోజనం కట్టించుకోవడం మర్చిపోయి, ఎక్కడో దొరికిన ఎండు బన్నులు తెచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆమె బన్ను నములుతూ, ఇదే పని తను చేసి ఉంటే ఎన్ని మాటలు వచ్చేవో మనసులో వరసగా విని, నీళ్ళు తాగింది.

సాయంత్రం గదిలో ఆయన మంచం మీద వాలిపోయాడు. "ఏం రోడ్డది, నరకం. లారీవాళ్ళు మనుషుల్లా చూడరు. రోజంతా ఒక్కణ్ణే, పలకరించే దిక్కు లేదు. మీరంతా ఆ చెట్ల కింద హాయిగా వెళ్ళిపోయారు. నేనొకణ్ణి ఉన్నానని ఎవరికైనా గుర్తుందా?"

ఆయన మాటలు ఆయన చెవిన కూడా పడతాయేమోనని ఆమె ఆగి చూసింది.

"అవును" అంది, "గుర్తుండదు."

ఆయన తలెత్తాడు. ఏదో అందినట్టే కళ్ళు ఒకసారి నిలిచాయి. కానీ మరుక్షణం మోకాలు వంచి చూసుకుని, "వాపు దిగింది. రేపు నేనెక్కేస్తాలే. నీకూ సరదా తీరిందిగా" అన్నాడు.

ఆమె తలుపు తీసుకుని బయటికొచ్చింది. కిందికెళ్ళి, లాడ్జి నడిపే ఆవిడతో మాట్లాడి వచ్చింది.

తెల్లవారి ముగ్గురూ బయటికొచ్చేసరికి వరండాలో నాలుగు సైకిళ్ళున్నాయి. నాలుగోది అద్దెది, పాతదే గానీ గట్టిది. ఆమె దాని చక్రానికి గాలి కొడుతోంది.

"ఇదేమిటి? మరి వ్యానెవరు తెస్తారు?" అన్నాడు భర్త.

"ఎవరూ తేరు. ఇక్కడే ఉంటుంది, ఆవిడతో చెప్పాను. యాత్రయ్యాక బస్సులో వచ్చి తీసుకెళ్దాం."

"సామానంతా?"

"ఎవరి సంచి వాళ్ళం కట్టుకుందాం. పట్టినంత."

మరిది అన్న వైపు చూశాడు. అన్న డాక్టరు వైపు చూశాడు. డాక్టరు తన మూడు జతల బూట్ల వైపు చూసుకున్నాడు. ఆమె పంపు కొడుతూనే ఉంది.

"నిన్న రాత్రే చెప్పొచ్చు కదా" అన్నాడు భర్త. గొంతులో కోపం ఉంది, దాని వెనక ఇంకేదో కూడా ఉంది. సిగ్గే అయి ఉండొచ్చు. ఆమె దాన్ని తవ్వి తియ్యడానికి ఆగలేదు.

"నిన్న రాత్రికి నాకే పూర్తిగా తెలీదు" అంది.

తన సంచి వెనక కట్టుకుని, ముడి లాగి చూసి, సైకిలు గట్టు వైపు తిప్పింది. వాళ్ళు ఇంకా సంచుల్లోంచి ఏది తీసేయాలో తేల్చుకుంటున్నారు. ఆమె పెడలు మీద కాలు పెట్టగానే భర్త వెనకనుంచి పిలిచాడు.

"అది సరే, మరి మధ్యాహ్నం భోజనం సంగతి?"

"నాకు తెలీదండీ" అంది ఆమె. ఆ మాట అంత తేలిగ్గా ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకోలేదు.