అవధానిగారి ఆంగ్ల సూత్రములు

హేమంత ప్రభాతము. కోతలు ముగిసిన వరిచేలపై బరచుకొన్న మంచుతెరను భానుకిరణములింకను జీల్చకుండెను. కాలువలో ధాన్యపు పడవలు నిశ్శబ్ద గంభీరముగా దక్షిణాభిముఖములై సాగుచుండెను. అట్టి మనోహర సమయమున గాలువగట్టుననున్న యున్నత పాఠశాలలో, సంస్కృతాంధ్ర వ్యాకరణ పారంగతులును ముప్పదియేండ్ల యధ్యాపనానుభవ సంపన్నులును తప్పుమాట చెవిసోకిన జ్వరపడు స్వభావము గలవారును నగు శేషాచలావధానిగారు తమ తరగతిలో నొంటరిగా గూర్చుండి యాంగ్లభాష నభ్యసించుచుండిరి.

ఆ యేడు పాఠశాలా నిర్వాహకులొక యుత్తరువు వెలువరించిరి. ఆంగ్లపరీక్షలో గృతార్థులుగాని పండితులకు ఫాల్గుణమాసాంతమున గొలువు పోవునట. వ్రాతపరీక్ష యొకటి, దొరగారి యెదుట గూర్చుండి మాటలాడవలసిన పరీక్ష మరియొకటి. పాఠము చెప్పుట తప్ప వేఱు విద్య యెఱుగని యవధానిగారికప్పుడేబదిరెండవ యేడు. అయినను వారు జంకలేదు. సంస్కృతమునే లొంగదీసిన తమకిరువదియాఱక్షరముల భాష యొక లెక్కయా యని నవ్విరి.

నవ్వి యూరకుండక నెలదినములలో నాంగ్లవ్యాకరణ సారమునెల్ల నలువది సూత్రములుగా బిగించిరి. ప్రథమపురుషైకవచన కర్తకు వర్తమాన క్రియాంతమున సకారంబగు. అచ్చు పరమగునపుడు 'ఏ' యనునది 'యాన్' అగు. భూతకాల నిషేధమున 'డిడ్' వచ్చునేని క్రియ స్వరూపముననే నిలుచు. ఇట్టి సూత్రములను బరీక్షార్థులగు విద్యార్థులు సైతము వ్రాసికొనిపోయి గట్టెక్కిరి. వ్రాతపరీక్షలో నవధానిగారిదే యగ్రస్థానము.

చిక్కెల్ల మాటలలో వచ్చిపడెను. అదే పాఠశాలలో నాంగ్లోపాధ్యాయుడును, ఒకప్పుడవధానిగారి శిష్యుడును నగు దేవసహాయము ప్రతిదినము నుదయమున వచ్చి వారిచే నింగ్లీషు మాటలాడింప జూచుచుండెను. అవధానిగారో, ప్రతివాక్యమును మనసులో నలువది సూత్రములకును నొరసి చూచికొనినగాని పెదవి కదపరు. అంత జాగరూకత వహించినను దప్పు దొర్లెనా, అపశబ్దోచ్చారణ దోషము పోవుటకై చెంబులోని నీటితో నాచమనము చేయుదురు. అరగంటలో జెంబు ఖాళీయగును. నాలుగు వాక్యములు మాత్రము పూర్తికావు.

దేవసహాయము నవ్వాపుకొని యొకనాడు చెప్పనే చెప్పెను. "అవధానిగారూ, తప్పయినా సరే చెప్పేయండి. తప్పు మాట్లాడితే దొరగారు మార్కులు తగ్గిస్తారు గాని, మాట్లాడకపోతే అసలు వేయరండీ."

"అపశబ్దము నా నోట వెడలుటకంటె గొలువు పోవుటయే మేలు, నాయనా" యని యవధానిగారు ధీరముగా బలికిరి.

పరీక్షాదినము వచ్చెను. తల నెరసిన దొరగారు సౌమ్యముగా నవ్వి, మీ విద్యార్థులను గూర్చి కొంచెము చెప్పుడని యడిగిరి. అవధానిగారికి గర్త దొరికెను, క్రియ దొరికెను, కాలము కుదరలేదు. ఆ వాక్యమును విడిచి వేఱొక దానినెత్తుకొనిరి, అదియు నిలువలేదు. దొరగారు మెల్లగా మరల నడిగిరి. చెప్పవలసినది తెలియును. చెప్పుటకు మాత్రము ధైర్యము చాలకుండెను.

అంతట ముప్పదియేండ్లుగా దమ యెదుట దలవంచికొని నిలిచిన బాలురందఱును వారికి వరుసగా దోచిరి. నోరు మెదపని ప్రతివానిని మొద్దని తాము కసరిరి. వారికిని జవాబు తెలిసియే యుండెనేమో. వెనుకబల్లపై మూడేండ్లు మూగవానివలె గూర్చుండి లేచిపోయిన దేవసహాయమును వారిలోనివాడే.

పిమ్మట నవధానిగారు మాటలాడిరి. నా పిల్లలు మాటలాడరనియు, వారికేమియు రాదని తలచితిననియు, వారిని భయపెట్టినది నేనేయని యిప్పుడు తెలిసికొంటిననియు, నలువది సూత్రములలో బదునేడింటిని భంగపఱచుచు దడవికొనుచు జెప్పిరి. ఆచమనము మాట యొకసారియైన దలపునకు రాలేదు. దొరగారు కలము క్రిందబెట్టి, గంట మ్రోగుటయు గమనింపక యాలకించిరి. సాయంకాలము గోడకంటించిన జాబితాలో నవధానిగారి పేరట్టడుగునైనను నిలిచియుండెను.

వసారాలో వేచియున్న దేవసహాయము సంతోషముతో నెదురువచ్చెను. అవధానిగారు కొలువు నిలిచినదన్న మాటయే యెత్తలేదు.

"మూడేండ్లు నా తరగతిలో నోరు విప్పవైతివి. కారణమేమి?"

దేవసహాయము నేల చూచుచు బలికెను. "భయమండీ. తప్పొస్తే మీరు అందరి ముందూ నవ్వేవారు."

అవధానిగారు తెలుగున నెన్నడును నెవ్వరిని క్షమాపణ వేడి యెఱుగరు. ఇప్పుడును దెలుగున నోరు రాలేదు. అందుచేత శిష్యుని చేయి పట్టుకొని యాంగ్లమున వేడిరి. ఆ వాక్యమున రెండు తప్పులుండెను. దేవసహాయము ఒక్కటియు దిద్దలేదు.